ఇద్దరూ ఒకే పక్షాన పిన్‌బాల్: ఎలా పంచుకోవాలి, దేని మీద ఆడాలి

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్ళలో జంటగా ఆడటమంటే క్యారమ్సే. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పక్షం, ఒకరి తర్వాత ఒకరికి వంతు, ఆలోచించుకోడానికి కావలసినంత తీరిక. వాలుగా ఉన్న బల్ల మీద బంతిని కింద పడనివ్వకుండా కొడుతూ స్కోరు పెంచే పిన్‌బాల్‌లో ఆ తీరిక దొరకదు. బంతి ఒక్కటే. పైనుంచి జారిందంటే రెండు మూడు సెకన్లలో ఫ్లిప్పర్ల దగ్గరుంటుంది (బల్ల కింది కొసన ఉండి, బటన్ నొక్కితే లేచి బంతిని పైకి కొట్టే రెండు చిన్న చేతులే ఫ్లిప్పర్లు). అది ఎవరిదో అప్పుడు తేల్చుకుందామనుకుంటే అప్పటికే పోయి ఉంటుంది.

అందుకని ఏ గేమ్ బాగుంటుందని మొదలుపెట్టకండి. ముందు ఆటని ఇద్దరి మధ్య ఎలా పంచుకోవాలో తేల్చుకోండి, తర్వాత దేని మీద ఆడాలో చూడవచ్చు. రెండు చోట్లా మేం చూసే గుణం ఒకటే: ఆట మధ్యలో బంతిని ఫ్లిప్పర్ మీద నిలబెట్టి, ఒక్క మాట అనుకుని, మళ్ళీ కొట్టగలరా? ఆ వీలుంటే ఇద్దరూ కలిసి ఆడుతున్నట్టు. లేకపోతే ఒకే బల్ల దగ్గర ఇద్దరూ ఎవరి కంగారు వాళ్ళు పడుతుంటారు.

చెరో ఫ్లిప్పర్

ఎడమ ఫ్లిప్పర్ ఒకరిది, కుడి ఫ్లిప్పర్ ఇంకొకరిది. పంచుకునే పద్ధతుల్లో కష్టమైనది ఇదే, కుదిరితే అన్నిటికన్నా తృప్తినిచ్చేదీ ఇదే.

దీన్ని ఎంచుకునే ముందు ఫ్లిప్పర్ ఎటు కొడుతుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఎడమ ఫ్లిప్పర్ మీద బంతి కొన దాకా జారాక కొడితే బాగా ఏటవాలుగా కుడి పక్కకి పోతుంది. ఫ్లిప్పర్ నడిమిలో ఉండగా కొడితే దాదాపు నిటారుగా పైకి లేస్తుంది. మొదలుకి దగ్గరగా ఉండగా కొడితే ఎడమ పక్కకే ఎక్కుతుంది. కుడి ఫ్లిప్పర్‌కి ఇదంతా తిరగేసి చూసుకోవాలి. కాబట్టి కుడివైపు ర్యాంప్ (బంతి ఎక్కే వాలు దారి) ఎక్కించాలంటే బంతి ఎడమ మనిషి దగ్గర ఉండటం మంచిది. అది కుడి మనిషి దగ్గరుంటే ముందు అవతలికి అందించాలి. ఒక్కరే ఆడేటప్పుడు ఈ అందించడం చాలామంది నేర్చుకోరు, ఇద్దరు ఆడితే తప్పదు.

అందించే తేలికైన పద్ధతి ఏమంటే, కొట్టకుండా ఊరుకోవడం. పైనుంచి వేగంగా దిగిన బంతి కదలని ఫ్లిప్పర్ మీద పడితే ఎగిరి అవతలి ఫ్లిప్పర్ వైపు పోతుంది. అవతలివాళ్ళు అది రాకముందే తమ ఫ్లిప్పర్ లేపి, బటన్ నొక్కిపట్టి ఉంచాలి. లేచిన ఫ్లిప్పర్‌కీ దాని వెనక బంతిని ఫ్లిప్పర్ మీదకి తెచ్చే పక్క దారికీ మధ్య ఏర్పడే మూలలో బంతి కుదురుకుంటుంది. అక్కడ నిలిచిందంటే ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. సాధారణంగా జరిగే పొరపాటు, బంతి తగిలే క్షణంలో ఫ్లిప్పర్ లేపడం. అప్పుడది పట్టుకోవడం కాకుండా దెబ్బ అవుతుంది, బంతి ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. ఇంకొకటి, పక్క దారిలోంచి మెల్లగా దొర్లి వచ్చిన బంతికి కూడా ఊరుకోవడం. దానికి ఎగిరే వేగం ఉండదు, కొన మీదుగా జారి మధ్య కన్నంలో పడుతుంది. దొర్లి వచ్చే బంతిని కొట్టాలి, లేదా ముందే ఫ్లిప్పర్ లేపి ఆపాలి.

మధ్యకి నేరుగా వచ్చే బంతి గురించి ఆట మొదలవక ముందే ఒప్పందం ఉండాలి. ఇద్దరూ ఒకేసారి లేపితే రెండు కొనల నడుమ సందు అలాగే ఉంటుంది, బంతి అందులోంచి జారిపోతుంది. కుడివాళ్ళు ముందు, ఎడమవాళ్ళు రెప్పపాటు తర్వాత అని పెట్టుకోండి. మొదటి కొన బంతిని కాస్త తాకినా అది రెండో ఫ్లిప్పర్ మీదకి మళ్ళుతుంది. ఇది ప్రతిసారీ పనిచెయ్యదు. అందుకే ఇంకో ఒప్పందం కూడా కావాలి: మధ్యలోంచి పోయిన బంతికి ఎవరూ ఎవర్నీ అనకూడదు. అన్నదమ్ములు, భార్యాభర్తలు ఈ ఆట మధ్యలో వదిలేసేది ఎక్కువగా ఈ బంతి దగ్గరే.

బంతి దారి మళ్ళించడానికి బల్లని తట్టే పని మాత్రం ఒక్కరికే ఇవ్వాలి. అసలు యంత్రంలో వేలాడే లోహపు గుండు ఒకటుంటుంది. బల్ల ఎక్కువగా ఊగితే అది చుట్టూ ఉన్న రింగుని తాకుతుంది, టిల్ట్ పడుతుంది, ఫ్లిప్పర్లు చచ్చిపోయి ఆ బంతీ దాని బోనసూ రెండూ పోతాయి. ఇద్దరూ చెరోవైపు నుంచి తడితే ఒక్కొక్కరూ మెల్లగానే తట్టామనుకుంటారు, గుండుకి మాత్రం రెండూ కలిసి తగులుతాయి.

యంత్రం సుమారు 56 సెంటీమీటర్ల వెడల్పే. ఇద్దరు పెద్దవాళ్ళు భుజాలు కలిపి ఎదురుగా నిలబడలేరు. బయటి కాలు ముందుకేసి, ఒకరికొకరు కొంచెం తిరిగి నిలబడాలి. ఎడమవాళ్ళు ఎడమ చెయ్యి, కుడివాళ్ళు కుడి చెయ్యి మాత్రమే వాడాలి, లోపలి చేతులు వెనక్కి. బంతిని బల్ల మీదకి తోసే స్ప్రింగు కడ్డీ, అంటే ప్లంజర్, కుడివైపు ఉంటుంది కాబట్టి బంతిని వదిలే పని కుడివాళ్ళది. పిల్లలతో ఆడేటప్పుడు వాళ్ళకి కుడివైపు ఇస్తే ప్లంజర్ లాగే సంబరం కూడా వాళ్ళదే అవుతుంది.

ఈ పద్ధతి నిజంగా మెరిసేది మల్టీబాల్‌లో, అంటే ఒకేసారి ఒకటికన్నా ఎక్కువ బంతులు ఆటలో ఉన్నప్పుడు. రెండు బంతులు వస్తే ఒకరు తమ ఫ్లిప్పర్ మీద ఒకదాన్ని నిలబెట్టి పట్టుకోవాలి, ఇంకొకరు రెండోదాన్ని ఒంటరిగా ఆడాలి. అది స్థిరపడ్డాక పాత్రలు మార్చుకోవాలి. ఒక్కడే ఆడేవాడు రెండు చేతుల్నీ వేరువేరుగా నడిపించి ఇదే చెయ్యాలి, ఇద్దరికైతే చేతులు ముందే వేరు.

కేకలు రెండే ఉంచుకోండి: "పట్టు", "కొట్టు". "నాది", "నీది" అని అరుచుకుంటే గోలలో ఏది ఏదో వినబడదు.

బంతికొకరు

ఒక బంతి పోయేదాకా ఒకరు, తర్వాతి బంతి ఇంకొకరు, స్కోరు మాత్రం ఉమ్మడి. ఇద్దరి చేతివాటంలో చాలా తేడా ఉంటే ఇదే సరైనది. బల్ల దగ్గర తోపులాట ఉండదు, కొత్తవాళ్ళకి రెండు ఫ్లిప్పర్లూ తెలుస్తాయి.

ఇక్కడ మెనూలో ఏది నొక్కుతారన్నది ముఖ్యం. ఇద్దరు ఆటగాళ్ళని ఎంచుకుంటే ఎవరి పురోగతి వాళ్ళదే, ఒకరు సగం చేసిన మిషన్ ఇంకొకరికి అందదు. ఒక్క ఆటగాడిగానే మొదలుపెట్టి బంతి పోయినప్పుడు చేతులు మారండి. అప్పుడు వెలిగిన దీపాలూ దొరికిన మెట్లూ చాలా బల్లల్లో తర్వాతి బంతికి మిగులుతాయి. ఆటకి 3 బంతులు కాబట్టి ఒకరికి రెండు, ఒకరికి ఒకటి వస్తాయి. రెండో ఆట అవతలివాళ్ళతో మొదలుపెడితే సరిపోతుంది.

కొన్ని కొత్త యంత్రాల్లో కలిసి ఆడే పద్ధతి లోపలే ఉంది. స్టెర్న్ కంపెనీ 2020లో తెచ్చిన టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ అలాంటిదే. అయితే ఇద్దరి కోసం చేసినవన్నీ జట్టుకి పనికొస్తాయనుకోకండి. 1983 నాటి విలియమ్స్ జౌస్ట్‌లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఒకరి మీద ఒకరు ఆడతారు, అది పోటీ యంత్రం.

ఒకరి చేతులు, ఒకరి కళ్ళు

ఒకరు రెండు ఫ్లిప్పర్లూ ఆడతారు. ఇంకొకరు వెలిగిన దీపాలు చూసి ఎటు కొట్టాలో చెబుతారు, కంప్యూటర్ మీదైతే తట్టే కీలు కూడా వాళ్ళవే. చేతులు వణికే పెద్దవాళ్ళతోనూ, ఆరేడేళ్ళ పిల్లలతోనూ ఆడటానికి బాగుంటుంది. సమానమైన ఇద్దరికి పది నిమిషాల్లో విసుగొస్తుంది, మేం సిఫారసు చెయ్యం.

దేని మీద ఆడాలి

*కంప్యూటర్.* ఈ జిల్లాల్లో ఉన్నవాళ్ళకి మా మొదటి ఎంపిక ఇదే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్ళకి స్పేస్ క్యాడెట్ గుర్తుండే ఉంటుంది. 1995లో వచ్చిన ఫుల్ టిల్ట్ పిన్‌బాల్‌లోని మూడు బల్లల్లో అదొకటి. విస్టా నుంచి విండోస్‌తో రావడం ఆగింది. 2021లో దాని కోడ్‌ని తిరిగి రాసి, అందరికీ తెరిచి పెట్టారు, దాన్ని ఆడాలంటే పాత గేమ్ ఫైళ్ళు కూడా ఉండాలి. ఎడమ ఫ్లిప్పర్ జెడ్ కీ, కుడిది స్లాష్ కీ, ప్లంజర్ స్పేస్ బార్, తట్టడానికి ఎక్స్, చుక్క, పై బాణం. ఎఫ్8 నొక్కి కీలు మార్చుకోవచ్చు. కొత్త జంటకి ఇది చాలు: బల్ల చిన్నది, లక్ష్యాలు స్పష్టం, బంతి నిలుస్తుంది.

దాని తర్వాతి మెట్టు విజువల్ పిన్‌బాల్. 2000లో మొదలైన ఉచిత ప్రోగ్రాం, నిజమైన యంత్రాల బల్లల్ని దాని మీద ఆడవచ్చు. బంతి కదలిక అసలుకి దగ్గరగా ఉంటుంది కాబట్టి అందించడం, పట్టడం నేర్చుకోడానికి ఇంతకన్నా మంచిది లేదు. దీంతో ఒక్క చిక్కుంది. ఫ్లిప్పర్లు ఎడమ షిఫ్ట్, కుడి షిఫ్ట్ కీల మీద ఉంటాయి. షిఫ్ట్ వరసగా అయిదుసార్లు కొడితే విండోస్ స్టిక్కీ కీస్ ప్రశ్న అడ్డు తెస్తుంది. కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కిపడితే ఫిల్టర్ కీస్ ప్రశ్న వస్తుంది, అంటే బంతిని నిలబెట్టి మాట్లాడుకుంటున్నప్పుడు సరిగ్గా ఆ మధ్యలో. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ దగ్గరకెళ్ళి ఈ రెండింటి షార్ట్‌కట్‌లనీ ముందే ఆపేయండి.

జెడ్ నుంచి స్లాష్ దాకా కీబోర్డ్ మీద దూరం 17 సెంటీమీటర్లు. ఇద్దరి చేతులూ అక్కడే ఉంటే మోచేతులు గుద్దుకుంటాయి. దీనికి మందు చవకే: రెండో యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించండి. ఒకే కంప్యూటర్‌కి రెండు కీబోర్డులు పెడితే విండోస్ రెండింటినీ తీసుకుంటుంది. ఒకరు దాని మీద ఎడమ కీ, ఇంకొకరు దీని మీద కుడి కీ. చెరో కుర్చీలో హాయిగా కూర్చోవచ్చు. కీబోర్డులు తీగవే కొనండి. బ్లూటూత్‌వి చిన్న ఆలస్యం తెస్తాయి, పిన్‌బాల్‌లో ఆ చిన్నదే ఎక్కువ. తెర కోసం టీవీకి కలిపితే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. లేకపోతే బొమ్మని మెరుగుపరిచే పనిలో టీవీ వెనకబడి, బంతి కొనకి చేరిందని మీకు కనిపించేసరికి అది దాటిపోయి ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానకి కరెంటు పోవడం ఇక్కడ మామూలే. డెస్క్‌టాప్ కన్నా ల్యాప్‌టాప్ మేలు. డెస్క్‌టాపే ఉంటే యూపీఎస్ లేకుండా ఉమ్మడి రికార్డు కోసం కూర్చోవద్దు.

*ఫోన్.* నిలువుగా పట్టుకున్న ఫోన్ వెడల్పు 7 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. తెర ఎడమ సగం తాకితే ఎడమ ఫ్లిప్పర్, కుడి సగం తాకితే కుడిది. రెండు బొటనవేళ్ళు బల్ల కింది భాగాన్ని కప్పేస్తాయి, అసలు చూడాల్సిందే అక్కడ. చెరో ఫ్లిప్పర్‌కి పనికిరాదు. రైల్లో వెళ్తూ బంతికొకరు ఆడుకోడానికి సరే. పది అంగుళాల ట్యాబ్లెట్ అయితే బల్ల మీద పరిచి, కింద రబ్బరు మ్యాట్ వేసి, ఊపితే తట్టే సెట్టింగ్ ఆపేసి చెరో ఫ్లిప్పర్ కూడా ఆడవచ్చు.

*చేత్తో చేసిన బల్ల.* వడ్రంగం మీద కాస్త చెయ్యి తిరిగినవాళ్ళుంటే ఇది వదులుకోకండి. ఇద్దరు ఆడటానికి వీలుగా బల్లని మీరే అమర్చుకోగలిగేది ఇందులోనే.

8×4 అడుగుల ప్లైవుడ్ షీట్‌లో 24×36 అంగుళాల బల్లలు నాలుగు వస్తాయి, మిగిలిన ముక్కలో పక్క గోడలు. మందం 12 మిల్లీమీటర్లు. బరంపురం వైపు సముద్రపు చెమ్మకి మామూలు ప్లై వంగుతుంది, నీటికి తట్టుకునే ఐఎస్ 710 రకం తీసుకోండి. రాయగడ, కోరాపుట్ వైపు ఇంట్లో వాడకానికి ఐఎస్ 303 చాలు. పైన సన్‌మైకా అంటిస్తే బంతి బాగా దొర్లుతుంది. పక్క గోడలు 3 అంగుళాల ఎత్తు.

అసలు యంత్రం వాలు దాదాపు 6.5 డిగ్రీలు. 36 అంగుళాల బల్లకి అంత రావాలంటే వెనక అంచు ముందుకన్నా 4 అంగుళాలు ఎత్తులో ఉండాలి. కొత్తవాళ్ళు 3 అంగుళాలతో మొదలుపెట్టడం నయం, బంతి మెల్లగా దిగుతుంది, పట్టడానికి సమయం దొరుకుతుంది. అసలు బంతి 27 మిల్లీమీటర్ల ఉక్కు గుండు, 80 గ్రాములు. దాన్ని చేతితో నడిచే ఫ్లిప్పర్లు మోయలేవు. 16 మిల్లీమీటర్ల గాజు గోళీ అయిదారు గ్రాములే, మరీ తేలిక, ప్రతి మేకుకీ తుళ్ళుతుంది. బేరింగుల దుకాణంలో దొరికే 20 మిల్లీమీటర్ల ఉక్కు గుండు 33 గ్రాములు తూగుతుంది, మధ్యస్థంగా కుదురుతుంది.

ఫ్లిప్పర్లు 4 అంగుళాల టేకు ముక్కలు. ఒక్కోటి 8 మిల్లీమీటర్ల బోల్టు మీద తిరగాలి. బోల్టు ఫ్లిప్పర్‌కి గట్టిగా బిగిసి, బల్లలోని రంధ్రంలో స్వేచ్ఛగా తిరిగి, కింద ఒక మీటకి కలవాలి. వదిలినప్పుడు వెనక్కి లాగడానికి స్ప్రింగ్ గాని సైకిల్ ట్యూబ్ పట్టీ గాని చాలు. మామూలు నట్టు ఆట అదురుకి వదులైపోతుంది, లోపల నైలాన్ ఉన్న నట్టు వాడండి. ఫ్లిప్పర్ చుట్టూ సైకిల్ ట్యూబ్ నుంచి కోసిన రింగు తొడిగితే బంతి జారదు. దిగి ఉన్నప్పుడు ఫ్లిప్పర్ 30 డిగ్రీలు కిందికి వాలాలి, కొనల మధ్య ఖాళీ గుండుకి ఒకటిన్నర రెట్లు, అంటే 30 మిల్లీమీటర్లు.

అన్నిటికన్నా ఎక్కువ చెడిపోయే చోటు పక్క దారి ఫ్లిప్పర్‌ని కలిసే అతుకు. దారి చెక్క ఫ్లిప్పర్ మొదలుకన్నా ఒక్క మిల్లీమీటర్ పైకి లేచినా బంతి అక్కడ ఎగురుతుంది, ఇక మూలలో నిలవదు. గుండుని వేలితో మెల్లగా దొర్లించి, అతుకు మీద టక్కుమనే చప్పుడు రానంతవరకు ఉప్పుకాగితంతో అరగదీయండి. ఇది సరిగా రాకపోతే మిగతా బల్ల ఎంత అందంగా ఉన్నా ఇద్దరు ఆడలేరు.

మీటలు మాత్రం యంత్రంలోలాగ దగ్గర పెట్టకండి. కింద సన్న పట్టీలతో పొడిగించి, బల్ల చెరో పక్కకి తెండి. ఇద్దరూ నేల మీద బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని, క్యారమ్స్ లాగే ఒకరి మొహం ఒకరు చూస్తూ ఆడవచ్చు.

*అసలు యంత్రం.* కొనడం గురించి మా సలహా, వద్దనే. ఒక్కోటి 110 కిలోలకి పైమాటే. దిగుమతి యంత్రం అయితే మన 230 వోల్టులకి మార్పించి, సరైన ఎర్తింగ్ పెట్టించాలి. పాడైతే ఫ్లిప్పర్‌ని లేపే కాయిల్ (తీగ చుట్ట) కోసం ఎక్కడో ఉన్నవాళ్ళకి రాయాలి, అది కోరాపుట్ ఘాట్ ఎక్కి రావాలి. విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్ళినప్పుడు గేమ్ జోన్‌లో కనబడితే మాత్రం ఆడి తీరండి, ఉక్కు గుండు బరువు చేతికి తెలియడం వేరు. ముందు దానికి ఫ్లిప్పర్లు ఉన్నాయో లేదో చూడండి. టికెట్లు ఇచ్చే యంత్రాల్లో కొన్నిటికి బంతిని వదలడమే ఆట, 1947కి ముందు పిన్‌బాల్ అంతా అలాగే ఉండేది. ఆ సంవత్సరం గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీతోనే ఫ్లిప్పర్లు వచ్చాయి.

ఎవరికి ఏది

ఇద్దరూ కొత్తవాళ్ళయితే స్పేస్ క్యాడెట్ మీద బంతికొకరు. బంతిని నిలబెట్టడం ఇద్దరికీ అలవాటయ్యాక అదే బల్ల మీద రెండు కీబోర్డులతో చెరో ఫ్లిప్పర్, ఆ తర్వాతే విజువల్ పిన్‌బాల్. ఒకరు నేర్పరి, ఒకరు కొత్త అయినా బంతికొకరే. చెరో ఫ్లిప్పర్ ఆడితే నేర్పరి పక్కన ఉన్నవాళ్ళు కీ నొక్కడానికే భయపడతారు. తాతా మనవడూ అయితే కళ్ళూ చేతులూ పంచుకోండి, సెలవుల్లో ఇంటినిండా పిల్లలుంటే ప్లైవుడ్ బల్ల చేయించండి.

గేమ్ జోన్‌లో అసలు యంత్రం దగ్గర మాత్రం చెరో ఫ్లిప్పర్ మొదలుపెట్టే ముందు ఒక పని చెయ్యండి. ఎవరైనా ఆడుతుంటే వాళ్ళ ఆట చూడండి, లేకపోతే మీ మొదటి బంతి దీనికే వాడండి: ఒక్కో ఫ్లిప్పర్ లేపి అయిదు సెకన్లు పట్టి ఉంచినప్పుడు అది అలాగే నిలుస్తుందా, వణుకుతూ దిగుతుందా? దిగితే లేపి ఉంచే కాయిల్ చుట్టో, ఫ్లిప్పర్ పూర్తిగా లేచిందని చెప్పే చివరి స్విచ్చో పోయిందన్నమాట. ఆ పక్క బంతి నిలవదు, ఎంత అరుచుకున్నా లాభం లేదు. అలాంటి యంత్రం మీద చెరో ఫ్లిప్పర్ మానేసి, మిగిలిన బంతులు చెరొకటి ఆడుకోండి.